డ్రోన్ మోటర్లకు ఏ వైరు వేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా మేడమీద గదిలో ఒక పాత చెక్క బల్ల, దాని మీద ఒక సోల్డరింగ్ ఐరన్ ఉంటాయి. విజయవాడ చుట్టుపక్కల కాలేజీల పిల్లలు, గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చే ఒకరిద్దరు ఆదివారాలు అక్కడ చేరతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నీళ్లలో చిక్కుకున్న ఇళ్లకు డ్రోన్లు ఆహార పొట్లాలు మోశాయి. మరుసటి నెల 22న పున్నమి ఘాట్ దగ్గర అయిదున్నర వేల డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి. అప్పట్నుంచి బల్ల దగ్గర కుర్చీలు చాలడం లేదు. ప్రశ్నలు మాత్రం అవే. ఏ మోటరు కొనాలో వీడియోలు చూసి తేల్చుకుని వస్తారు, వైరు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఇవన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఏమీ కొనకముందు

మోటరు, బ్యాటరీ మంచివైతే చాలదా? వైరు అంత ముఖ్యమా?

ఒక లెక్క చూడండి. అయిదంగుళాల ప్రొపెల్లర్ల డ్రోన్‌ని ఫుల్ థ్రాటిల్ తొక్కితే బ్యాటరీ నుంచి కొన్ని సెకన్ల పాటు 100 ఆంపియర్లు లాగడం మామూలే. బ్యాటరీ వైరు ఎరుపు 10 సెంటీమీటర్లు, నలుపు 10 సెంటీమీటర్లు అనుకుందాం. 14 గేజ్ (గేజ్ అంటే వైరు సైజు నంబరు) వైరైతే ఆ 20 సెంటీమీటర్లలో సుమారు 17 వాట్లు వేడిగా పోతుంది. అక్కడే 18 గేజ్ వేస్తే 42 వాట్లు. బజార్లో దొరికే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే ఒకటిన్నర ఐరన్లను డ్రోన్ పొట్టలో పెట్టి ఎగరేస్తున్నట్టు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది, రెట్టింపు కాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఈ ఒక్క లెక్క దగ్గరే.

గేజ్ నంబరు పెరిగితే వైరు లావా, సన్నమా?

సన్నం. ఇది తలకిందులుగా అనిపిస్తుంది గానీ దీనికో కారణం ఉంది. తీగను ఒక్కో అచ్చులోంచి లాగి సన్నం చేస్తారు. ఎన్నిసార్లు లాగితే అంత పెద్ద నంబరు, అంత సన్నటి తీగ. గుర్తు పెట్టుకోవడానికి తేలిక దారి: నంబరు 3 పెరిగితే రాగి సగమవుతుంది, నిరోధం రెట్టింపవుతుంది. మనకు పనికొచ్చే సైజులు ఇవి:

| గేజ్ | రాగి అడ్డకోత వైశాల్యం (స్క్వేర్ ఎంఎం) | మీటరుకు నిరోధం (మిల్లీ ఓంలు) |
|---|---|---|
| 12 | 3.31 | 5.2 |
| 14 | 2.08 | 8.3 |
| 16 | 1.31 | 13.2 |
| 18 | 0.82 | 21 |
| 20 | 0.52 | 33 |
| 22 | 0.33 | 53 |

మా ఎలక్ట్రీషియన్ ఒకటిన్నర, రెండున్నర అంటాడు. మీరు 14, 16 అంటారు. రెండూ ఒకటేనా?

కాదు. ఆయన చెప్పేది స్క్వేర్ ఎంఎం, అంటే వైరు అడ్డకోతలో రాగి వైశాల్యం. అక్కడ నంబరు పెరిగితే వైరు లావవుతుంది. డ్రోన్ సామాన్లు అమ్మేవాళ్లు చెప్పేది అమెరికన్ గేజ్. అందులో నంబరు పెరిగితే వైరు సన్నమవుతుంది. ఒకటిన్నర వైరు 14, 16 గేజ్‌ల మధ్య ఉంటుంది. రెండున్నర 12, 14 మధ్య ఉంటుంది. షాపులో "ఒకటిన్నర" అని, "14" అని కలిపి అడిగితే కౌంటర్ మీద కుర్రాడు కంగారుపడి ఏదో ఒకటి కోసిచ్చేస్తాడు. ఏ కొలతో ముందే చెప్పండి.

ఇల్లు కట్టినప్పుడు ఒకటిన్నర వైరు చుట్ట మిగిలింది. అది వాడేస్తే ఏమవుతుంది?

కరెంటు పారుతుంది. ఇంటి వైరు అంటే తక్కువ రకం అనుకోవద్దు. అందులో ఉన్నదీ రాగే, మందం కూడా సరిపోతుంది. ఇబ్బంది వేరే చోట ఉంది. ఒకటిన్నర ఇంటి వైరులో సాధారణంగా 22 పోగులుంటాయి, ఒక్కో పోగు 0.3 మిల్లీమీటర్ల మందం. గోడలో పైపులో కదలకుండా పడుండటానికి అది బాగానే ఉంటుంది. డ్రోన్‌లో మోటరు తిరిగినంతసేపూ వైరు వణుకుతూనే ఉంటుంది. లావు పోగులు సోల్డర్ పక్కనే ఒక్కొక్కటిగా విరుగుతాయి. పైకి ఏమీ తెలియదు, ఒకరోజు గాల్లో ఉండగా తెలుస్తుంది. పైగా ఆ పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. పక్కన ఐరన్ పెడితే కరిగి వెనక్కి పోతుంది.

బల్ల మీద మోటరు పరీక్షకైతే భేషుగ్గా వాడుకోండి. ఎగిరేదానికి వద్దు.

నా డ్రోన్ ఎన్ని ఆంపియర్లు లాగుతుందో ఎలా తెలుస్తుంది?

మోటరు తయారీదారు ఇచ్చే పరీక్ష పట్టిక చూడండి. ఏ బ్యాటరీకి, ఏ ప్రొపెల్లర్‌కి, ఎంత థ్రాటిల్‌లో ఎన్ని ఆంపియర్లో అందులో ఉంటుంది. మీ బ్యాటరీకి, మీ ప్రొపెల్లర్‌కి సరిపోయే వరుసలో 100 శాతం దగ్గరి అంకె తీసుకుని, నాలుగు మోటర్లు కాబట్టి నాలుగుతో గుణించండి. అది గరిష్ఠం. నిజంగా ఎగిరేటప్పుడు బ్యాటరీ ఓల్టేజి కుంగుతుంది కాబట్టి అంతకన్నా కాస్త తక్కువే వస్తుంది.

చాలామంది బ్యాటరీ మీద రాసిన సీ రేటింగ్ పట్టుకొస్తారు. 1500 ఎంఏహెచ్, 100సీ అంటే 150 ఆంపియర్లు ఇవ్వగలనని బ్యాటరీ చెప్పుకుంటోంది, అంతే. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన కుళాయిలోంచి అన్ని నీళ్లూ రావు కదా. ఈఎస్‌సీ (బ్యాటరీ కరెంటును మోటరుకి అందిస్తూ దాని వేగాన్ని నడిపించే బోర్డు) మీద ఉండే 30 ఆంపియర్లు, 45 ఆంపియర్లు కూడా అలాంటివే. అవి దాని ఓపిక, మీ మోటరు ఆకలి కాదు.

ఇంజనీరింగ్ ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే ఏ2212, 1000 కేవీ (ఓల్టుకు నిమిషానికి 1000 చుట్లు, కిలోవోల్టులు కాదు) మోటరు 3ఎస్ (మూడు సెల్‌లు వరసగా ఉన్న) బ్యాటరీ మీద, పదంగుళాల ప్రొపెల్లర్‌తో సుమారు 12 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది. నాలుగింటికి కలిపి 50, 60. గాల్లో ఊరికే నిలబడటానికి అందులో మూడో వంతు చాలు.

లెక్కలు వద్దన్నా, ఏ డ్రోన్‌కి ఏ గేజో నేరుగా చెప్పు.

అరచేతిలో పట్టే 1ఎస్ బుల్లి డ్రోన్లకు బ్యాటరీ వైరు 22 నుంచి 26 గేజ్. మోటరు వైర్ల జోలికి పోకండి, వచ్చినవి వచ్చినట్టు వాడండి.

మూడంగుళాల డ్రోన్‌కి మోటర్ల దగ్గర 20 లేదా 22, బ్యాటరీకి 16 లేదా 18.

అయిదంగుళాల దానికి మోటర్ల దగ్గర 18 లేదా 20. బ్యాటరీకి 14, రేసులాగా గట్టిగా తొక్కేవాళ్లకు 12. ఏడంగుళాలకు మోటర్లు 16 లేదా 18, బ్యాటరీ 12.

ఎఫ్450 ఫ్రేమ్, ఏ2212 మోటర్ల కాలేజీ డ్రోన్‌కి మోటరు వైపు 18, ఒక్కో ఈఎస్‌సీకి వెళ్లే జతకి 16, అసలు బ్యాటరీ జతకి 14. ఇందులో 12 వేసినా తప్పులేదు, బరువు కాస్త పెరుగుతుంది.

"14 గేజ్‌లో 32 ఆంపియర్లు" అని ఒకచోట ఉంది, "5.9" అని ఇంకోచోట ఉంది. ఏది నమ్మాలి?

రెండూ ఒకే పట్టికలో పక్కపక్కన ఉండే అంకెలే. 32 అన్నది గాలి తగిలేలా విడిగా ఉన్న పొట్టి వైరుకి. 5.9 అన్నది దూరం మోసుకెళ్లే కరెంటుకి, చాలా జాగ్రత్తగా వేసిన లెక్క. మన డ్రోన్‌కి ఆ రెండూ అతకవు. మన వైరు జానెడు కూడా ఉండదు. పైన ప్రొపెల్లర్ గాలి కొడుతుంది. ఫుల్ థ్రాటిల్ ఉండేది మూడు నాలుగు సెకన్లు. పైగా సిలికాన్ తొడుగు 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అందుకే 14 గేజ్ బ్యాటరీ వైరు మీద వంద ఆంపియర్లు దాటి లాగినా కాలిపోదు. నిమిషాల తరబడి అంత లాగితే మాత్రం కాలుతుంది, అప్పటికి బ్యాటరీ ఎలాగూ అయిపోతుంది. పట్టికలో అంకె కన్నా ఎంత పొడుగు, ఎంతసేపు అన్నవి ముందు చూడండి.

అన్నిచోట్లా 12 గేజ్ వేసేస్తే గొడవుండదు కదా?

గొడవ ఉంటుంది. 12 గేజ్ మీటరుకు రాగే 30 గ్రాములు, తొడుగు బరువు దానికి అదనం. 20 గేజ్ రాగి అయిదు గ్రాముల లోపు. నాలుగు మోటర్లు, మోటరుకు మూడు వైర్లు, మొత్తం పన్నెండు. ఒక్కోటి 12 సెంటీమీటర్లనుకున్నా మీటరున్నర దగ్గరికి వస్తుంది. ఆ బరువంతా చేతుల చివర్లలో పడుతుంది, డ్రోన్ తిప్పడానికి మొద్దుబారుతుంది.

అసలు సమస్య బల్ల దగ్గర వస్తుంది. ఈఎస్‌సీ మీద మోటరు వైరు అతికించే ప్యాడ్ గోరంత ఉంటుంది. దాని మీద 12 గేజ్ అతికించబోతే వైరు వేడంతా తాగేస్తుంది, ప్యాడ్ వేడెక్కదు. ఇంకాసేపు పెడదామని ఐరన్ నొక్కి పట్టుకుంటారు, ప్యాడే ఊడి వస్తుంది. పది రూపాయల వైరు కోసం మూడు వేల బోర్డు పోగొట్టుకున్న పిల్లాడి ముఖం చూడలేం.

## షాపులో

సిలికాన్ వైరే ఎందుకు? ఆటోనగర్‌లో దొరికే బండ్ల వైరు చీప్ కదా?

బండ్ల వైరు పీవీసీ. దారం మీద దారం పేర్చినట్టు ఉండే సిలికాన్ వైరుతో అది పోటీ పడలేదు. మంచి 14 గేజ్ సిలికాన్ వైరులో 0.08 మిల్లీమీటర్ల పోగులు 400 ఉంటాయి, 12 గేజ్‌లో 680. అందుకే అది ఉడికిన సేమ్యాలా వంగుతుంది, వణికినా అంత తేలిగ్గా విరగదు. ఐరన్ తగిలినా తొడుగు కరగదు.

దానికీ ఒక బలహీనత ఉంది. సిలికాన్ తొడుగు వేడికి లొంగదు గానీ కోతకు వెంటనే లొంగుతుంది. కార్బన్ ఫైబర్ ఫ్రేమ్ అంచు బ్లేడులా ఉంటుంది. కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది కూడా, ఈ సంగతి చాలామందికి తెలియదు. రెండు వైర్లు రెండుచోట్ల గీసుకుని ఫ్రేమ్‌కి తగిలాయంటే షార్టే. వైరు అంచు దాటే ప్రతిచోటా ఒక స్లీవ్ ముక్కో, గుడ్డ టేపో వేయండి.

రాగి అని ఇచ్చారు. నిజంగా రాగేనా, ఎలా కనిపెట్టాలి?

ఇందులో నేనూ మోసపోయాను. కొన్నేళ్ల కిందట ఒక షాపులో రెండు మీటర్లు ఎర్రది, రెండు మీటర్లు నల్లది తీసుకున్నాను. మెత్తగా ఉంది, మీద 14 అని ముద్ర ఉంది. డ్రోన్ దిగగానే వైరు ముట్టుకోలేకపోయాను. ఈఎస్‌సీ పాడైందనుకుని దాన్ని మార్చాను. తర్వాత మోటర్లు మార్చాను. చివరికి విసుగొచ్చి వైరు కోసి చూస్తే లోపల అల్యూమినియం, పైన రాగి పూత. ఇలాంటి వైరుకి నిరోధం రాగి కన్నా ఒకటిన్నర రెట్ల పైనే ఉంటుంది. అంటే 14 అని రాసున్నా పని 16కి దగ్గరగా చేస్తుంది.

కొనేముందు ఒక్క పోగు లాగి బ్లేడుతో గీకండి. తెల్లగా మెరుస్తుందని గీకకముందే భయపడకండి, మంచి రాగి పోగుల మీద కూడా తగరం పూత ఉంటుంది. గీకాక లోపల ఎర్రగా కనిపిస్తే రాగి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం. పోగు మరీ సన్నగా ఉండి కళ్లకు ఆనకపోతే అగ్గిపెట్టె తీయండి, షాపు బయటకొచ్చి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, రాగికి 1085 కావాలి. లైటర్ మంటలో రాగి పోగు ఎర్రబడి నిలబడుతుంది, అల్యూమినియం పోగు కుంగి తెగిపోతుంది.

చేత్తో తూచినా తెలుస్తుంది. అలవాటైనవాళ్లకి చుట్ట ఎత్తగానే అనుమానం వస్తుంది. మీటరుకి ఇరవై ముప్ఫై రూపాయలు తక్కువకి ఇస్తున్నారంటే ఎందుకో అడగండి.

ఎన్ని మీటర్లు తీసుకోవాలి?

ఒక డ్రోన్‌కి బ్యాటరీ వైరు ఎర్రది అర మీటరు, నల్లది అర మీటరు చాలు, తప్పులకీ సరిపోతుంది. మోటరు వైర్లు మోటరుతోనే వస్తాయి. పొడిగించాల్సి వస్తే ఏదో ఒక రంగు రెండు మీటర్లు. రంగు మారితే మోటరు వైపు నష్టమేమీ లేదు. బ్యాటరీ వైపు మాత్రం ఎరుపు పాజిటివ్, నలుపు నెగెటివ్. ఉన్న రంగుతో సర్దుకుందామని అక్కడ మాత్రం అనుకోకండి.

ఎక్స్‌టీ30, ఎక్స్‌టీ60 బ్యాటరీ కనెక్టర్లు, వీటిలో ఏ వైరు పడుతుంది?

ఎక్స్‌టీ60 గిన్నెలో 12 గేజ్ చక్కగా కూర్చుంటుంది. ఎక్స్‌టీ30కి 16 దాకా. ఎక్స్‌టీ90కి 10. పేరులోని అంకె అది కొద్దిసేపు మోసే ఆంపియర్లు అనుకోవచ్చు, ఎడతెగకుండా మోసేది అంతకన్నా తక్కువే. వైరు గిన్నెలో పట్టడం లేదని నాలుగు పోగులు కోసేసి దూర్చేవాళ్లున్నారు. అలాంటప్పుడు కనెక్టర్ మార్చండి.

## సోల్డరింగ్ బల్ల దగ్గర

మోటరు వైర్లు మరీ పొడుగ్గా ఉన్నాయి. కోసేయొచ్చా?

ఏ వైరో చూసి కోయండి. మోటరు అడుగు నుంచే మెత్తటి సిలికాన్ వైరు వస్తుంటే నిరభ్యంతరంగా కోయండి, పొట్టి వైరు ఎప్పుడూ మేలే.

కొన్ని చౌక మోటర్లలో మాత్రం బయటికొచ్చేది వైరు కాదు, లోపల చుట్టిన కాయిల్ తీగే. దాని మీద నల్ల స్లీవ్ తొడిగి వైరులా చూపిస్తారు. ఆ తీగ మీద ఎనామిల్ పూత ఉంటుంది. ఫ్యాక్టరీలో చివర మాత్రమే ఆ పూత తీసి సోల్డర్ వేస్తారు. ఆ చివర కోసేస్తే మిగిలినదానికి సోల్డర్ అంటుకోదు, నీళ్లు తామరాకు మీద జారినట్టు జారుతుంది. కొన్ని పోగులకే అంటుకుంటే ఇంకా ప్రమాదం: మోటరు తిరుగుతుంది, కానీ బలం ఉండదు, వేడెక్కుతుంది.

ఇప్పటికే కోసేశారా? బోరు మోటర్లు చుట్టే వైండింగ్ షాపుకి వెళ్లండి. మన ఊళ్లలో వాటికి కొదవలేదు. వాళ్లు రోజూ చేసే పనే, ఒక్కో పోగూ గీకి ఇస్తారు. ఇంట్లో అయితే సన్నటి ఎమరీ కాగితంతో ఓపిగ్గా గీకి, ప్రతి పోగు మీదా సోల్డర్ పాకిందని కళ్లారా చూశాకే అతికించండి.

వైరు చాలట్లేదు. బ్యాటరీ వైపు పొడిగించాలా, మోటరు వైపా?

మోటరు వైపు. బ్యాటరీ వైపు వీలైనంత పొట్టిగా ఉంచండి.

ఇది నిరోధం సంగతి కాదు, ఊపు సంగతి. ఈఎస్‌సీ బ్యాటరీ నుంచి కరెంటును ధారగా తీసుకోదు. సెకనుకు వేలసార్లు తెరిచి మూస్తూ గుక్కలు గుక్కలుగా తాగుతుంది. వైరులో పరుగెత్తే కరెంటు ఒక్కసారిగా ఆపితే ఆగదు. జోరుగా వెళ్లే బస్సుకి సడన్ బ్రేకు వేస్తే లోపలివాళ్లు ముందుకు తూలినట్టు, ఈఎస్‌సీ తలుపు దగ్గర ఓల్టేజి ఎగిసిపడుతుంది. వైరు పొడుగయ్యే కొద్దీ ఆ తూలుడు పెరుగుతుంది. 16 ఓల్టుల బ్యాటరీ పెట్టినా క్షణంలో వెయ్యో వంతు సేపు అంతకన్నా చాలా పైకి లేవొచ్చు, ఈఎస్‌సీలో కరెంటును తెరిచి మూసే మాస్‌ఫెట్లు ఆ దెబ్బకే పోతాయి. ఆ ఊపు మింగడానికే ఈఎస్‌సీ దగ్గర డబ్బాల్లాంటి కెపాసిటర్లుంటాయి.

బ్యాటరీ వైరు పొడిగించక తప్పదంటే ఈఎస్‌సీ మొదట్లోనే ఇంకో లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) కెపాసిటర్ కలపండి. అదనంగా వచ్చే ప్రతి 10 సెంటీమీటర్లకి 220 మైక్రోఫారడ్లు అని హాబీలో వాడే లెక్క. 4ఎస్‌కి 35 ఓల్టులది, 6ఎస్‌కి 50 ఓల్టులది తీసుకోండి. కెపాసిటర్ మీద తెల్ల చార నెగెటివ్, తిప్పి పెడితే పేలుతుంది.

మోటరు వైపు పొడిగిస్తే ఈ గొడవ లేదు, ఆ కరెంటు ఎలాగూ కాయిల్ గుండానే పోతుంది. కాకపోతే ఒక గేజ్ లావు వైరు తీసుకుని, మూడూ ఒకే పొడుగు ఉంచండి.

మోటరుకి మూడు వైర్లున్నాయి. ఏది ఎక్కడ?

ఎలా పెట్టినా తిరుగుతుంది. ఎటు తిరగాలో అటు తిరక్కపోతే ఏవైనా రెండు వైర్లు తారుమారు చేయండి. దిశ మారుతుంది. ఇప్పటి ఈఎస్‌సీల్లో సాఫ్ట్‌వేర్‌తోనూ మార్చుకోవచ్చు, అప్పుడు ఐరన్ పట్టే పనే లేదు.

సోల్డర్ ఉండ కడుతోంది, అంటుకోవట్లేదు. నా చేయి మంచిది కాదా?

చేతిది తప్పు కాదు, వేడి చాలడం లేదు. 25 వాట్ల ఐరన్‌తో రేడియో బాగుచేయొచ్చు, 14 గేజ్ వైరు అతకదు. 60 వాట్లది, ఉష్ణోగ్రత మార్చుకునేది తీసుకోండి. ముల్లు మొన లాంటి బిట్టు తీసేసి ఉలి మొన లాంటిది వేయండి. సోల్డర్ 63-37 రకం (తగరం 63, సీసం 37 పాళ్లు), అది 183 డిగ్రీలకు ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది. ఐరన్ మాత్రం 370, 400 మధ్య పెట్టండి. ముందు వైరుకి విడిగా సోల్డర్ తాగించండి, ప్యాడ్‌కి విడిగా. అప్పుడు రెండూ కలిపి రెండు మూడు సెకన్లు.

ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి రాసేది) రెసిన్ రకమే వాడండి. రేకు పనికి వాడే ఆసిడ్ ఫ్లక్స్ ఎంత బాగా అంటించినా నెల తిరిగేసరికి ఆకుపచ్చగా చిలుము పట్టి రాగిని తినేస్తుంది. ఇంకొకటి, మే నెలలో మన గదుల్లో ఇది తప్పదు: నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతుంటే సోల్డర్ కుదరదు. ఆ ఐదు నిమిషాలు ఫ్యాను ఆపి చెమట ఓర్చుకోవాలి.

మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుడితే సరిపోదా?

సరిపోదు. మెలిక వదులవుతుంది, ఎండకి టేపు జిగురు కారుతుంది. సోల్డర్ వేసి స్లీవ్ తొడగండి. స్లీవ్ ముందే వైరుకి ఎక్కించుకోండి, అతికించాక గుర్తొస్తే మళ్లీ ఊడదీయాలి.

## మొదటిసారి బ్యాటరీ పెట్టేటప్పుడు

బ్యాటరీ తగిలించాలంటే టెన్షన్‌గా ఉంది. ముందు ఏం చూసుకోవాలి?

ప్రొపెల్లర్లు తీసేయండి. ఇది మొదటిది.

మల్టీమీటర్ బీప్‌లో పెట్టి డ్రోన్ వైపు కనెక్టర్ పాజిటివ్, నెగెటివ్‌ల మీద ఆనించండి. ఒక్క క్షణం బీప్ వచ్చి ఆగితే కెపాసిటర్ నిండుతోందని అర్థం, భయం లేదు. ఆగకుండా మోగితే షార్ట్. తర్వాత ఒక్కో మోటరు వైరుకీ కార్బన్ ఫ్రేమ్‌కీ మధ్య చూడండి, మోగకూడదు. మోటరు వైర్లు మూడూ ఒకదానితో ఒకటి మోగుతాయి. అది మామూలే, లోపల అవి కలిసే ఉంటాయి.

ఆ తర్వాత నేను చేసే పని: బండి ఇండికేటర్‌లో వాడే 12 ఓల్టుల 21 వాట్ల బల్బు ఒకటి తెచ్చి, పాజిటివ్ వైరుకి వరసలో కలిపి బ్యాటరీ పెడతాను. అంతా బాగుంటే బల్బు ఒక్కసారి మెరిసి మసకబడుతుంది. షార్ట్ ఉంటే ధగధగా వెలుగుతూనే ఉంటుంది. కరెంటు మొత్తం బల్బే తీసుకుంటుంది, బోర్డు బతుకుతుంది. 6ఎస్‌కి రెండు బల్బులు ఒకదాని వెనక ఒకటి కలపండి. బల్బు ఉండగా మోటర్లు తిప్పే ప్రయత్నం చేయొద్దు.

కనెక్టర్ పెట్టగానే టప్‌మని నిప్పురవ్వ వచ్చింది. ఏదో కాలిందా?

ఏమీ కాలలేదు. ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండుతూ వేసిన రవ్వ అది. 6ఎస్‌లో ఇంకా పెద్దగా వస్తుంది. దఫదఫాకీ కనెక్టర్ పిన్ను కొద్దికొద్దిగా నల్లబడుతుంది కాబట్టి తటపటాయించకుండా ఒక్క ఊపులో నెట్టేయండి. రవ్వతో పాటు పొగగానీ కాలిన వాసనగానీ వస్తే మాత్రం వెంటనే లాగేయండి.

## ఎగిరాక

దిగాక వైరు పట్టుకుంటే వేడిగా ఉంది. మార్చాలా?

గోరువెచ్చగా ఉంటే వదిలేయండి. పట్టుకుని అయిదు సెకన్లు ఉంచలేకపోతే ఆలోచించాలి.

అప్పుడు కూడా వెంటనే లావు వైరు కొనకండి. వేడి ఎక్కడుందో వేలితో వెతకండి. వైరంతా సమంగా వేడిగా ఉంటే వైరు చాలినంత లావు లేదు, లేదా రాగి కాదు. ఒక్కచోటే, కనెక్టర్ దగ్గరో అతుకు దగ్గరో ఎక్కువ వేడుంటే ఆ అతుకు సరిగ్గా లేదు. నా బల్ల దగ్గరికి "వైరు వేడెక్కుతోంది" అని వచ్చిన వాటిలో ఎక్కువ అతుకు జబ్బులే. మసకగా, గరుకుగా ఉన్న సోల్డర్‌ని ఫ్లక్స్ రాసి మళ్లీ కరిగించడంతో వాటికి వైద్యం అయిపోయింది. కనెక్టర్ వదులైనా ఇదే లక్షణం. ఎక్స్‌టీ60ని లాగేటప్పుడు పట్టు లేకుండా ఊడొస్తే దాన్ని మార్చేయండి.

మన ఎండలకి ఒక గేజ్ లావు వేయాలా?

అక్కర్లేదు. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. బెజవాడ 45 డిగ్రీలకు ఎక్కినా, 20 డిగ్రీల చల్లటి ఊరితో పోలిస్తే తేడా పది శాతం. వైరు పట్టించుకోదు. పట్టించుకునేది లైపో బ్యాటరీ, అంటే డ్రోన్‌లో పెట్టే లిథియం బ్యాటరీ. మధ్యాహ్నం బండి డిక్కీలో దాన్ని వదిలేసి భోజనానికి వెళ్లకండి.

ఒక మోటరు వణుకుతూ కీచుమంటోంది, తిరగట్లేదు. మోటరు పోయినట్టేనా?

బహుశా పోలేదు. మూడు వైర్లలో ఒకటి ఊడింది. మూడు కాళ్ల పీటకి ఒక కాలు విరిగినట్టు, రెండింటి మీద మోటరు అటూ ఇటూ ఊగుతుంది గానీ తిరగదు. వెంటనే ఆపండి. అలాగే థ్రాటిల్ పెంచితే మోటరో ఈఎస్‌సీయో నిజంగానే పోతుంది. బ్యాటరీ తీసి మూడు అతుకుల్నీ మెల్లగా లాగి చూడండి. అన్నీ గట్టిగా ఉంటే ఆ మోటరుని పక్క ఈఎస్‌సీకి మార్చి చూడండి. జబ్బు మోటరుతో పాటు వెళ్తే మోటరుది, అక్కడే ఉంటే ఈఎస్‌సీది.

మాది గుంటూరు వైపు. మిరపకి మందు కొట్టే డ్రోన్ బాగుచేయాలి, ఇవే వైర్లు పనికొస్తాయా?

పద్ధతి ఇదే, స్థాయి వేరు. పది లీటర్ల స్ప్రే డ్రోన్లు మామూలుగా 12ఎస్ మీద నడుస్తాయి, అంటే 44 ఓల్టుల పైమాట, నిండుగా ఉంటే 50. కరెంటు నిమిషాల తరబడి లాగుతుంది, కాబట్టి "మూడు సెకన్లే కదా" అనే ధీమా ఇక్కడ చెల్లదు. బ్యాటరీ వైపు 8 లేదా 10 గేజ్ వాడతారు, రవ్వ రాని కనెక్టర్ తప్పనిసరి. పురుగుమందు తుంపర అతుకుల్లోకి దిగి రాగిని తింటుంది. లోపల జిగురున్న స్లీవ్ వేయండి, రోజూ పని అయ్యాక తడిగుడ్డతో తుడవండి. పాత వైరు ఏ గేజో మామూలుగా దాని మీదే రాసుంటుంది, అంతకన్నా సన్నం వేయకండి. హాబీ డ్రోన్ మీద చేయి తిరగకుండా దీన్ని ముట్టుకోవద్దు.

డ్రోన్ కొమ్మకు తగిలి పడింది. వైర్లన్నీ మార్చాలా?

అన్నీ అక్కర్లేదు. ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టి పావుగంట ఆగండి. అది ఉబ్బితే దాన్ని ఇసుక బకెట్లో వేసి డ్రోన్ సంగతి తర్వాత చూడండి. ఉబ్బకపోతే ఒక్కో వైరునీ వేళ్ల మధ్య నలుపుతూ మోటరు నుంచి బోర్డు దాకా రండి. లోపల పోగులు తెగినచోట వైరు సన్నగా, మెత్తగా తగులుతుంది. తొడుగు చిరిగి రాగి కనిపిస్తే ఆ ముక్క మార్చండి, టేపు వేయకండి. ప్రొపెల్లర్ తగిలిన గీత మోటరు వైర్ల మీద ఎక్కువగా ఉంటుంది, అక్కడ రెండుసార్లు చూడండి. అతుకులు లాగి చూసి, మీటర్ బీప్ పెట్టి, బల్బు పెట్టి, అప్పుడు బ్యాటరీ.